నిప్పు కూడా తింటుంది, పెరుగుతుంది... మరి దానికి ప్రాణం లేదా?

ఆరో తరగతికి సైన్స్ చెప్పే ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. తన వివరాలేవీ బయటపెట్టవద్దని కోరారు. సజీవులు, నిర్జీవుల పాఠాన్ని ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టారు. నల్లబల్ల మీద రెండు గడులు గీసి, ఒకదాంట్లో మనిషి, కుక్క, చెట్టు, రెండోదాంట్లో రాయి, కుర్చీ, కారు రాశారు. తర్వాత చార్టు వేలాడదీసి ఏడు లక్షణాలు చెప్పారు: చలనం, శ్వాసక్రియ, ప్రతిస్పందన, పెరుగుదల, ప్రత్యుత్పత్తి, విసర్జన, పోషణ. పిల్లలు గడగడా అప్పజెప్పారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. "టీచర్, మంట కట్టెల్ని తింటుంది, గాలి పీలుస్తుంది, పెరుగుతుంది, పొగ వదుల్తుంది. ఒక మంట నుంచి ఇంకో మంట పుడుతుంది. దానికి ప్రాణం ఎందుకు లేదు?" అని అడిగాడు. ఆమెకు జవాబు తట్టలేదు. "అది పుస్తకంలో లేదు, కూర్చో" అనేశారు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నానని రాశారు.

కష్టం అక్కడితో ఆగలేదు. తర్వాత పెట్టిన చిన్న పరీక్షలో లక్షణాల పేర్లు అందరూ తప్పు లేకుండా రాశారు. కానీ అదే కాగితం మీద సగం మంది "చెట్టు కదలదు కాబట్టి నిర్జీవి" అన్నారు. బ్యాటరీతో నడిచే బొమ్మను సజీవి అన్నారు. డబ్బాలో దాచిన విత్తనం దాదాపు అందరికీ నిర్జీవే. ఒకమ్మాయి వైరస్ ఏ గడిలోకి వస్తుందని అడిగింది. తోటి ఉపాధ్యాయుడేమో "ఏడూ బట్టీ పట్టించండి, పరీక్షలో వచ్చేది అదే" అంటున్నారట. పరీక్షలకు మూడు వారాలే ఉంది. బడిలో ప్రయోగశాల లేదు, మైక్రోస్కోపు లేదు. పాఠం మళ్లీ చెప్పాలా, వదిలేసి ముందుకు పోవాలా, ఆ అబ్బాయికి ఏం జవాబివ్వాలి అన్నది ఆమె ప్రశ్న.

టీచర్ గారూ, ముందు ఆ అబ్బాయి సంగతే మాట్లాడుకుందాం. అతని ప్రశ్న మీ పాఠాన్ని చెడగొట్టలేదు. మిగతా పిల్లలు జాబితాను అప్పజెప్పారు. అతనొక్కడే దాన్ని ఒక వస్తువు మీద పెట్టి పరీక్షించాడు, అది సరిగ్గా పని చేయలేదని పట్టుకున్నాడు. మీకు ఆ క్షణంలో జవాబు తట్టకపోవడంలో తప్పేమీ లేదు. జీవం అంటే ఏమిటో అందరూ ఒప్పుకునేలా ఒక్క వాక్యంలో చెప్పడం జీవశాస్త్రానికే ఇంతవరకు కుదరలేదు. 1994లో నాసా బృందం ఒకటి "తనను తాను నిలబెట్టుకుంటూ, డార్విన్ చెప్పిన పరిణామానికి లోను కాగల రసాయన వ్యవస్థ" అని పని జరగడానికి ఒక నిర్వచనం ఇచ్చింది. ఆ మాటను అక్షరాలా పట్టుకుంటే ఒంటరి కంచరగాడిద జీవి కాకుండా పోతుంది, ఎందుకంటే పరిణామం తరం నుంచి తరానికి జరిగేది, దానికేమో సాధారణంగా పిల్లలు పుట్టవు. అంత జాగ్రత్తగా రాసిన వాక్యంలోనే అలాంటి ఖాళీ ఉంటే, ఏడు మాటల చార్టులో ఖాళీలు ఉండటం వింత కాదు. ఆ ఖాళీలు ఎక్కడున్నాయో తెలిసి చెప్పడం ఒకటి, లేనట్టు చెప్పడం మరొకటి. ఇబ్బందంతా రెండోదానితోనే వస్తుంది.

చెట్టు, బొమ్మ విషయంలో పిల్లలు చేసింది బాగా పాత తప్పు. 1920లలోనే స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజే దీన్ని నమోదు చేశాడు. చిన్నపిల్లలు కదిలే ప్రతిదానికీ ప్రాణం ఉందనుకుంటారు. కాస్త ఎదిగాక "తనంతట తాను కదిలేదానికే ప్రాణం" అంటారు. జంతువులు, మొక్కలు మాత్రమే అనే చోటికి ఆ తర్వాత వస్తారు. ఏ వయసులో ఏ మెట్టు అన్నదాని మీద తర్వాతి పరిశోధకులు విభేదించారు గానీ, కదలికను పట్టుకుని తీర్పు చెప్పే అలవాటు బలమైనదన్నది మాత్రం నిజం. మీ తరగతిలో సగం మంది రెండో మెట్టు మీదే ఉన్నారు. మీరు పాఠం చెప్పాక ఆ నమ్మకం పోలేదు, దాని పక్కన ఏడు పేర్లు వచ్చి చేరాయి. పేర్లు అడిగినప్పుడు పేర్లు రాశారు, చెట్టు గురించి అడిగినప్పుడు నమ్మకం రాశారు.

దీనికి మూలం నల్లబల్ల మీద మీరు రాసిన జతల్లో ఉందని నా అభిప్రాయం. కుక్కకూ రాయికీ మధ్య వంద తేడాలున్నాయి. ఒకటి మెత్తన, ఒకటి గట్టిది. ఒకటి పరుగెత్తుతుంది, ఒకటి పడి ఉంటుంది. ఆ వందలో ఏది జీవానికి సంబంధించిందో పిల్లలకు ఎలా తెలుస్తుంది? కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని, అంటే కదలికను, ఎంచుకున్నారు. అదే మీరు బతికున్న విత్తనాన్ని, ఉడకబెట్టిన విత్తనాన్ని పక్కపక్కన పెట్టారనుకోండి. రంగు, ఆకారం, పరిమాణం దాదాపు ఒకటే. రెండూ కదలవు. తేడా ఒక్కటే మిగులుతుంది. పిల్లలు దాన్నే వెతకాలి. పాఠం మళ్లీ చెప్పదలచుకుంటే మొత్తం మార్చనక్కర్లేదు, ఈ జత మారిస్తే చాలా వరకు దారిలోకి వస్తుంది.

ఇక మీరు చేయగలిగినవి.

తోటి మాస్టారు చెప్పినట్టు బట్టీ పట్టించి ముందుకు పోవచ్చు. ఆయన మాటలో నిజం ఉంది. ఏడు లక్షణాలు పనికిమాలినవేం కావు, ఎక్కడెక్కడ చూడాలో అవి చెబుతాయి. పేర్లు అడిగే ప్రశ్నలకు మార్కులు వస్తాయి. కానీ "విత్తనం సజీవా? కారణం రాయండి" అని వస్తే ఇప్పుడు పోయినట్టే మళ్లీ పోతాయి. పైగా పై తరగతుల్లో పోషణ, శ్వాసక్రియ, విసర్జన, ప్రత్యుత్పత్తి ఒక్కొక్కటీ పెద్ద పాఠంగా వస్తాయి. చెట్టును నిర్జీవి అనుకునే పిల్లకు మొక్కల శ్వాసక్రియ ఎలా తలకెక్కుతుంది?

ఒకే ఒక పీరియడ్ కేటాయించి మంట ప్రశ్నకు మాత్రం నిజాయితీగా జవాబు చెప్పి ముందుకు సాగవచ్చు. ఆ అబ్బాయికి న్యాయం జరుగుతుంది, తరగతికి ఆలోచించే తీరు ఒకసారి చూపించినట్టవుతుంది. చెట్టు, విత్తనం తప్పులు మాత్రం సగం వరకే సరి అవుతాయి, ఎందుకంటే మాటలతో వచ్చిన నమ్మకం కాదది.

లేదా తర్వాతి పాఠం నడుపుతూనే రోజూ పది నిమిషాల చొప్పున ఓ రెండు వారాలు చిన్న ప్రయోగాలు నడపవచ్చు. ప్రయోగశాల అక్కర్లేదు గానీ మీకు శ్రమ ఎక్కువ, కొన్ని విఫలమవుతాయి, తరగతి గదిలో కాస్త వాసన కూడా వస్తుంది. పరీక్ష దగ్గరపడింది కనుక అన్నీ చేయలేరు. నేనైతే మంట పీరియడ్‌తో పాటు విత్తనాలు, ఈస్ట్ (బ్రెడ్డు పిండిని పొంగించే సూక్ష్మజీవి) తప్పకుండా పెట్టమంటాను. మిగతావి మీ వీలును బట్టి.

మంట పీరియడ్ ఇలా నడపండి. "ఆ రోజు వచ్చిన ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఈరోజు అందరం కలిసి చూద్దాం" అని మొదలుపెట్టండి. అబ్బాయి పేరు చెప్పాలా వద్దా అన్నది అతన్ని ముందే విడిగా అడగండి. కొందరు పిల్లలు పేరు చెబితే పొంగిపోతారు, కొందరు ముడుచుకుపోతారు. ఇసుక పోసిన పళ్లెంలో కొవ్వొత్తి నిలబెట్టి మీరే వెలిగించండి, పక్కన బకెట్ నీళ్లు ఉంచండి. ఏడు లక్షణాల్ని ఒక్కొక్కటే మంట మీద పెట్టి చూడమనండి. తొందరపడి "కాదు" అనకండి. గాలి అందకపోతే ఆరిపోతుందన్నది నిజమే. ఏదో వదుల్తుందన్నదీ నిజమే. ఆ రెండూ ఒప్పుకోండి.

అప్పుడు లోతుకు దిగండి. పోషణ సంగతి చూద్దాం. ప్రాణి తిన్నదాంట్లో కొంత శక్తిగా ఖర్చవుతుంది, కొంత దాని శరీరంగా మారుతుంది. దూడ తాగిన పాలు దాని కండగా, ఎముకగా మారతాయి. మైనం మంట శరీరంగా మారి నిలవదు, కాలి వెళ్లిపోతుంది. పెరుగుదలా అంతే. మంట పెద్దదైనా దానిలో కొత్త భాగాలు ఏర్పడవు, ఇంధనం తగ్గితే అంతలోనే చిన్నదవుతుంది. ఇక ప్రత్యుత్పత్తి దగ్గర పిల్లలు గట్టిగా పట్టుబడతారు, ఎందుకంటే కొవ్వొత్తి నుంచి కొవ్వొత్తి వెలుగుతుంది కదా. వాళ్లకు తెలిసిందే గుర్తుచేయండి. గ్యాస్ స్టవ్ నీలి మంటతో కొవ్వొత్తి వెలిగిస్తే ఏ రంగు మంట వస్తుంది? పసుపు. ఆ పసుపు మంటతో మళ్లీ స్టవ్ వెలిగిస్తే? నీలం. అంటే కొత్త మంట ఎలా ఉండాలో నిర్ణయించేది "తల్లి" మంట కాదు, ఇంధనం, దానికి అందే గాలి. మంట నుంచి మంటకు వారసత్వంగా ఏదీ అందడం లేదు. చిక్కుడు గింజను ఏ మట్టిలో వేసినా చిక్కుడే మొలుస్తుంది. అనువంశికత అనే మాట మీ ఏడింటిలో లేదు, కానీ మంటను విడదీసి చూపించేది ప్రధానంగా అదే. దానికి తోడు మంటలో కణాలు లేవు, ఇప్పటిదాకా మనకు తెలిసిన ప్రతి ప్రాణీ కణాలతో ఏర్పడిందే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పండి. పదార్థం, శక్తి నిరంతరం లోపలికి వచ్చి బయటికి పోతుండగా ఆకారం నిలబెట్టుకోవడంలో మంటకూ ప్రాణికీ నిజంగా పోలిక ఉంది. అబ్బాయి గమనించింది ఆ పోలికనే. గాలి వీస్తే మంట వంగుతుంది, కానీ ఆరిపోకుండా తనను కాపాడుకునే పని ఏదీ చేయదు. మొక్క వాడిపోతుంటే ఆకుల పత్రరంధ్రాలు మూసుకుని నీరు పోకుండా చూసుకుంటుంది. గాయం తగిలితే కణాలు చేరి మాన్పుకుంటుంది. ఇలా తనను తాను బాగుచేసుకోవడం బ్యాటరీ బొమ్మను పక్కకు తీయడానికీ పనికొస్తుంది. బొమ్మ కాలు విరిగితే విరిగినట్టే ఉంటుంది. చార్టులో ఈ లక్షణానికి చోటివ్వమని నా సలహా.

ఇప్పుడు విత్తనాలు. పొట్టు ఊడని, బద్దలు కాని గింజలు కావాలి. పప్పుగా విడగొట్టినవి మొలకెత్తవు, ఎందుకంటే పిండం దెబ్బతిని ఉంటుంది. పెసలైతే త్వరగా మొలుస్తాయి, చిక్కుడైతే పెద్దగా కనిపిస్తాయి. 20 గింజలు తీసుకుని 10 పక్కన పెట్టి, మిగతా 10 గింజల్ని 15 నిమిషాలు మరిగే నీటిలో ఉడికించి చల్లార్చండి. పచ్చివాటిని 8 నుంచి 12 గంటలు నానబెట్టండి. తర్వాత రెండింటినీ విడివిడిగా తడి గుడ్డలో వేసి, పేరు రాసిన గిన్నెల్లో పెట్టండి. గుడ్డ తడిగా ఉంటే చాలు. గింజలు నీటిలో మునిగి ఉంటే గాలి అందక కుళ్లిపోతాయి, అప్పుడు పిల్లలు "పచ్చివి కూడా చచ్చిపోయాయి" అంటారు. ఎక్కువసార్లు ఈ ప్రయోగం పాడయ్యేది ఇక్కడే. ఏ గింజలు మొలుస్తాయో, ఎందుకో ముందే నోటుపుస్తకంలో రాయించండి. చూశాక రాయిస్తే అందరూ "నాకు ముందే తెలుసు" అంటారు.

పచ్చివాటిలో 10కి 10 మొలవకపోవచ్చు. దాన్ని దాచకండి. మొలవని గింజ చచ్చిందనే అర్థమా? నిద్రావస్థలో ఉండి ఉండవచ్చు. మొలకెత్తితే బతికుందని రుజువు, మొలకెత్తకపోతే మాత్రం ఏదీ రుజువు కాలేదు. ఈ తేడా ఆరో తరగతి పిల్లలకు బాగానే అర్థమవుతుంది. పొడి విత్తనంలో జీవక్రియలు ఆగిపోయినట్టే నెమ్మదిస్తాయి, కానీ నీరు, గాలి, తగిన వేడి దొరికితే మళ్లీ ఊపందుకుంటాయి. మృత సముద్రం దగ్గరి మసాదా కోటలో తవ్వకాల్లో దొరికిన దాదాపు 2000 ఏళ్ల నాటి ఖర్జూర విత్తనం 2005లో ఇజ్రాయెల్‌లో మొలకెత్తింది. డబ్బాలోని గింజను నిర్జీవి అన్న పిల్లలకు ఇది చెప్పి చూడండి.

మూడో రోజుకల్లా ఉడికిన గింజల మీద బూజు పడుతుంది, వాసన వస్తుంది. చాలామంది టీచర్లు ఇక్కడ ప్రయోగం చెడిపోయిందని పారేస్తారు. ఒక్క ప్రశ్న అడిగి పారేయండి: "గింజ చచ్చింది కదా, మరి దీని మీద పెరుగుతున్నదేంటి?" గాలిలోంచి, గుడ్డ మీద నుంచి వచ్చిన బూజు బీజాలు చచ్చిన గింజను ఆహారంగా వాడుకుంటున్నాయి. గిన్నెకు మూత ఉంచి చూపించండి, దగ్గరగా వాసన చూడనివ్వకండి, ఆ రోజే పారేసి చేతులు కడిగించండి.

మొలకలొచ్చాక మరో ఉపయోగం ఉంది. మూత బిగిసే రెండు గాజు సీసాలు తీసుకుని ఒకదాంట్లో మూడోవంతు వరకు మొలకలు, ఇంకోదాంట్లో అంతే కొలతకు అప్పుడే ఉడికించి చల్లార్చిన గింజలు వేసి, రాత్రంతా మూసి ఉంచండి. పొద్దున మూత కొద్దిగా తీసి వెలుగుతున్న పుల్లను లోపలికి దించండి. మొలకల సీసాలో వెంటనే ఆరిపోతుంది, రెండోదాంట్లో కాసేపు వెలుగుతుంది. మొలకలు ఆక్సిజన్‌ను వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు, అయినా శ్వాసక్రియ జరిగింది. ఉడికిన గింజల్ని ముందురోజే వేసి ఉంచితే సూక్ష్మజీవులు చేరి అవి కూడా ఆక్సిజన్ వాడేస్తాయి, రెండు పుల్లలూ ఆరిపోతాయి. అందుకే వాటిని ఆ సాయంత్రమే ఉడికించాలి.

ఈ ప్రయోగం మరో అపోహనూ తీస్తుంది. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయని పిల్లలే కాదు, పెద్దలూ అంటారు. శ్వాసక్రియ రాత్రింబగళ్లూ ఆగదు. పగటి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ జోరుగా సాగుతుంది కనుక బయటికి ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది, అంతే. అలాగే "ప్రాణులన్నిటికీ ఆక్సిజన్ కావాలి" అని చార్టులో ఉంటే చెరిపేయండి. ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియా ఉన్నాయి, కొన్నిటికి అది విషం కూడా.

రెండోది ఈస్ట్. ఒక లక్షణం ఒంటరిగా ఎందుకు చాలదో ఇంత బాగా చూపించేది ఇంకొకటి నాకు తెలియదు. ఒక చిన్న సీసాలో 100 మి.లీ. గోరువెచ్చని నీరు పోయండి, 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటే మంచిది. ఒక చెంచా చక్కెర, అర చెంచా పొడి ఈస్ట్ వేసి కలిపి, మూతికి బెలూన్ తొడగండి. బెలూన్‌ను ముందే ఒకటి రెండు సార్లు ఊది సాగదీయాలి, లేకపోతే ఆ కొద్ది వాయువుకు అది ఉబ్బదు. మూతి దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. రెండో సీసాలో 50 మి.లీ. వెనిగర్ పోసి, బెలూన్‌లో ఒక చెంచా వంటసోడా నింపి, తొడిగాక ఎత్తి లోపలికి ఒంపండి. ఇది క్షణాల్లో ఉబ్బుతుంది. ఈస్ట్ బెలూన్‌కు అరగంట నుంచి గంట పడుతుంది. రెంటిలోనూ ఉన్నది కార్బన్ డయాక్సైడే. "వాయువు వచ్చింది కాబట్టి రెండూ సజీవులా?" అని అడిగి ఆగండి. తరగతి రెండు వర్గాలవుతుంది, కాసేపు వాదించుకోనివ్వండి.

మరునాడు ప్రతి సీసాలోంచి ఒక చెంచా ద్రవం తీసి, కొత్తగా కలిపిన గోరువెచ్చని చక్కెర నీటిలో వేసి మళ్లీ బెలూన్లు తొడగండి. ఈస్ట్ వేసినది నెమ్మదిగానైనా మళ్లీ ఉబ్బుతుంది, సోడాది అలాగే వేలాడుతుంది. రసాయన చర్య అయిపోయింది, దానికి ఇక మిగిలిందేమీ లేదు. ఈస్ట్ కణాలు మాత్రం కొత్త ఆహారం దొరకగానే పని అందుకున్నాయి. మూడో సీసా పెట్టే ఓపిక ఉంటే ఈస్ట్‌ను ముందే నీటిలో మరిగించి చల్లార్చి వేయండి, బెలూన్ కదలదు. నీరు 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది. వేడినీరు పోసి "పాత ఈస్ట్ ఇచ్చారు" అని విసుక్కోవడం మామూలే, కాబట్టి వేలు పెట్టి చూసి, వెచ్చగా తోస్తేనే పోయండి. గట్టి మూత మాత్రం ఎప్పుడూ బిగించకండి, ఒత్తిడికి సీసా పగలవచ్చు.

చెట్టు కదలదన్న పిల్లల కోసం చేయాల్సింది చిన్నదే. గిన్నెలో పెంచిన 5 నుంచి 8 సెంటీమీటర్ల మొలకను, మట్టి రాలకుండా తడి కాగితం కప్పి, సాయంత్రం అడ్డంగా పడుకోబెట్టి చీకటి అలమరలో పెట్టండి. పొద్దుటికి కొన పైకి వంగి ఉంటుంది. చీకట్లో పెట్టాం కనుక వెలుతురు కోసం వంగిందని అనడానికి లేదు, అది గురుత్వాకర్షణకు స్పందించింది. అత్తిపత్తి మొక్క దొరికితే తాకి చూపించవచ్చు, కానీ దాన్నొక్కటే చూపిస్తే "ఆ ఒక్క మొక్కకే ప్రాణం" అనుకునే ప్రమాదం ఉంది. మామూలు మొలక ముందు, అత్తిపత్తి తర్వాత. ఇక్కడే జగదీశ్ చంద్రబోస్ పేరు చెబుతారు కదా, "మొక్కలకు ప్రాణముందని ఆయనే కనిపెట్టాడు" అనకండి. మొక్కలు ప్రాణులన్న సంగతి అంతకుముందే తెలుసు. ఉద్దీపనలకు మొక్కల్లో కలిగే విద్యుత్ స్పందనల్ని, అతి సూక్ష్మమైన కదలికల్ని పరికరాలతో కొలిచి చూపించడం ఆయన గొప్పతనం.

పెరుగుదల మీద సందేహం వస్తే, స్ఫటికాలు పెరుగుతాయి కదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, అప్పుడు ఇంకో జత ఉంది. 100 మి.లీ. వేడినీటిలో సుమారు 25 గ్రాముల పటిక కరిగించి, చల్లారాక చిన్న పటిక స్ఫటికాన్ని దారానికి కట్టి వేలాడదీయండి. రోజులు గడిచేకొద్దీ అది పెద్దదై, మొదట కట్టిన దారం ముడి లోపలికి పోతుంది. ద్రవం ఇంకా వెచ్చగా ఉండగానే వేస్తే ఆ చిన్న స్ఫటికం కరిగిపోతుంది. పక్కన, వేరు 2 సెంటీమీటర్లు వచ్చిన చిక్కుడు మొలకను తీసుకుని, వేరును అద్దుడు కాగితంతో మెల్లగా తడి ఆర్చి, కొన నుంచి మొదలుపెట్టి 2 మిల్లీమీటర్లకొక గీత సిరాతో పెట్టండి. బాల్‌పెన్‌తో నొక్కితే వేరు నలుగుతుంది, తడి మీద పెడితే సిరా పాకుతుంది, ఆలస్యం చేస్తే వేరు ఎండుతుంది. గాజు గ్లాసు లోపల తడి కాగితానికీ గాజుకూ మధ్య నిలువుగా ఉంచి, 24 గంటల తర్వాత చూడండి. కొనకు దగ్గరి గీతలు దూరం జరిగి ఉంటాయి, పైవి ఎక్కడివక్కడే ఉంటాయి. స్ఫటికం బయట పొర మీద పొర చేరి పెరిగింది, వేరు లోపలి కణాలు విభజన చెంది, సాగి పెరిగింది. సమయం చాలకపోతే దీన్ని సెలవుల తర్వాతికి వాయిదా వేయండి.

చార్టులో మరికొన్ని చిన్న సవరణలు. ప్రత్యుత్పత్తి ఎదురుగా "జాతి కొనసాగడానికి" అని రాయండి. కూలి చీమకు పిల్లలుండవు, అయినా అది ప్రాణే. రెండు గడుల బదులు మూడు గీయండి: జీవించి ఉన్నవి, ఒకప్పుడు జీవించినవి, ఎన్నడూ జీవం లేనివి. ఎండుటాకు, చెక్క బల్ల, ఈక, ఎముక ఎక్కడ పెట్టాలో తెలియక పిల్లలు తికమకపడేది మధ్య గడి లేకపోవడం వల్లనే. అప్పుడే కోసిన ఆకులో కణాలు ఇంకా బతికే ఉంటాయి కనుక అది మొదటి గడిలోదే, ఎండాక రెండో గడిలోకి వెళ్తుంది.

వైరస్ అడిగిన అమ్మాయికి గడి చూపించకండి, వాస్తవాలు ఇవ్వండి. దానికి కణం లేదు, సొంతంగా పోషణ, శ్వాసక్రియ లేవు. ఇంకో ప్రాణి కణంలోకి చేరితే మాత్రం తన నకళ్లు తయారు చేయించుకుంటుంది, ఆ నకళ్లలో మార్పులు వస్తాయి, అవి తర్వాతి వాటికి అందుతాయి. 1935లో అమెరికా శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ, పొగాకు మొక్కలకు సోకే పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా వేరు చేశాడు, ఆ స్ఫటికాలకు మొక్కకు రోగం తెప్పించే శక్తి పోలేదు. శాస్త్రవేత్తల్లోనే ఇప్పటికీ రెండు వాదనలున్నాయని చెప్పి, "నువ్వు ఏ గడిలో పెడతావు, ఎందుకు?" అని ఆమెనే రాయమనండి.

పరీక్ష సంగతికి వస్తే, పిల్లలు పాఠ్యపుస్తకంలోని ఏడు లక్షణాలు తప్పక రాయాలి, దాంట్లో రాజీ వద్దు. వాటి కింద ఒక్క వాక్యం అదనంగా రాయడం నేర్పండి: "వీటిలో ఒకటి రెండు నిర్జీవుల్లోనూ కనిపించవచ్చు, కణాలతో ఏర్పడి ఈ పనులన్నీ తమంతట తాము చేసుకునేవే సజీవులు." పేపర్ దిద్దేవారికి ఇది అడ్డం రాదు, పిల్లవాడికి మంట దగ్గర, బొమ్మ దగ్గర ఆసరా దొరుకుతుంది. మీ సొంత యూనిట్ పరీక్షలో "చెట్టు సజీవా, నిర్జీవా?" అని అడిగే బదులు "ఈ గింజ బతికుందో లేదో తెలుసుకోవడానికి ఏం చేస్తావు? ఏం కనిపిస్తే ఏమని చెబుతావు?" అని ఒక్కటి అడగండి. దిద్దడానికి సమయం పడుతుంది కనుక రెండుకు మించి పెట్టకండి. ఆ జవాబుల్లో "పక్కన ఉడికించిన గింజ కూడా పెడతాను" అని ఎవరు రాశారో చూడండి. ఆ మాట రాసిన పిల్లలకు పాఠం అందినట్టే. రాయనివాళ్లకు తర్వాతి వారం మళ్లీ ఓ గుప్పెడు గింజలు నానబెట్టి, ఈసారి గిన్నెలు వాళ్ల చేతికే ఇవ్వండి.